వరండాలో నేర్పిన జర్మన్

నర్సీపట్నంలో సోమసుందరానికి ఇంటిపేరుతో పని లేదు. జర్మనీ సోమసుందరం గారిల్లు ఎక్కడంటే బస్టాండు దగ్గర సోడాలమ్మే మనిషి కూడా చెయ్యి చూపిస్తాడు. ఆయన చాలాకాలం రూర్కెలా ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా పనిచేశాడు. తల్లి మంచాన పడ్డాక ఆ ఉద్యోగం వదులుకుని, భార్య వర్ధనమ్మతో సొంతూరు వచ్చేసి, ఇంటి ముందు గదిలోనే కాలిపోయిన మోటార్లకు మళ్లీ రాగితీగ చుట్టే షాపు పెట్టుకున్నాడు. గొలుగొండ వైపు చెరుకు రైతులు మోటార్లను బండ్ల మీద వేసుకుని తెచ్చేవారు. మంచి పనివాడని పేరు. కానీ ఆయనకు ఇష్టమైన పేరు అది కాదు.

రూర్కెలాలో చేరిన కొత్తలో కంపెనీ తర్ఫీదు కోసం పంపిన జట్టులో ఆయనా ఒకడై జర్మనీ వెళ్లాడు. అక్కడ ఓ ఇనుము కరిగించే ఊళ్లో, పొగలో, మంచులో ఎనిమిది నెలలు ఉన్నాడు. తిరిగొచ్చాక ఆ ఎనిమిది నెలలే ఆయనకు జీవితమంతా అయ్యాయి. సాయంత్రం పూట పక్కింటి రామనాథం గారు, హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, వరండాలోకి వచ్చి కూర్చునేవారు. ఏదో ఒక వంకన మాటల్లో జర్మన్ దొర్లేది. పెళ్లిళ్లలో భోజనాలయ్యాక ఎవరో ఒకరు "సోమసుందరం గారూ, ఆ భాషలో ఓ ముక్క అనండి" అని అడిగేవారు. ఆయన కొంచెం బతిమాలించుకుని అనేవాడు. అందులో తప్పు పట్టగలవాడు చుట్టుపక్కల ఎక్కడా లేడు.

1975 వేసవిలో కృష్ణదేవిపేట అవతల కొండ పల్లె నుంచి గంగులు అనే రైతు, తన కూతురు బుల్లమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. గడపలో గోనె దింపి, లోపలికి రాకుండా మెట్ల దగ్గరే నిలబడ్డాడు. గోనెలో చింతపండు, రెండు కొండచీపుళ్లు ఉన్నాయి.

"బాబూ, గుంట పైదేసం పోతాదట," అన్నాడు గంగులు. "ఆ బాస తవురికొచ్చని డాకటేరు బాబు సెప్పినారు. నాలుగు ముక్కలు నేరిపించాల."

తక్కిన సంగతి బుల్లమ్మ చెప్పింది. మిషన్ హాస్టల్లో ఉండి పది చదివింది. ఇప్పుడు నర్సీపట్నంలోని చిన్న మిషన్ ఆసుపత్రిలో నర్సులకు సాయంగా పనిచేస్తోంది. జర్మనీలో ఒక పెద్దాసుపత్రివాళ్లు ఈ జిల్లా నుంచి ఇద్దరమ్మాయిలను తీసుకెళ్లి, మూడేళ్లు నర్సు చదువు చెప్పించి, ఉద్యోగం ఇస్తారట. వానాకాలం వెళ్లాక అక్కడి నుంచి ఒక సిస్టర్ విశాఖపట్నం వచ్చి అమ్మాయిలను చూస్తుంది. భాష కాస్త వచ్చినవాళ్లకే ముందు అవకాశం.

"నేర్పుతానయ్యా, దానికేముంది," అన్నాడు సోమసుందరం. అన్నాక వర్ధనమ్మ వంకా, రామనాథం గారి వంకా చూశాడు. ఇన్నేళ్లకు తన భాష ఒక మనిషికి పనికొస్తోంది. ఆ పూట ఆయన అన్నం కూడా హుషారుగా తిన్నాడు.

ఆసుపత్రి డ్యూటీ అయ్యాక బుల్లమ్మ సాయంత్రాలు వచ్చేది. కాళ్లు కడుక్కుని వరండా మూలన చాప మీద కూర్చునేది. ఆయన పడక్కుర్చీలో వెనక్కి వాలి మొదలుపెట్టేవాడు.

ముందు పలకడం నేర్పాడు. అది ఆయనకు బాగానే వచ్చు. "ఇంగ్లీషులో డబుల్యూ కనిపిస్తే ఇక్కడ 'వ' అను. 'వి' కనిపిస్తే 'ఫ' అను. నీళ్లు వస్సర్, తండ్రి ఫాటర్. మాట చివర 'డ' ఉంటే 'ట' అయిపోతుంది. చెయ్యి హ్యాండ్ కాదు, హంట్."

"హంట్," అంది బుల్లమ్మ.

"మాట మొదట 'ఎస్' వచ్చి పక్కన అచ్చు ఉంటే మన జొన్నల్లో జ పలికినట్టు పలుకు. సూర్యుడు జొన్నె."

"జొన్నె అంటే సూరీడా బాబూ," అని ఆమె నవ్వింది. "మా ఊళ్లో అంటే ఏ పొలంలో అనడుగుతారు."

అన్నిటికన్నా కష్టమైనవి రెండు. పెదవులు 'ఊ' అన్నట్టు సున్నాలా చుట్టి, లోపల నాలుకతో 'ఈ' అనాలి. రామనాథం గారు కూడా పక్కన కూర్చుని ప్రయత్నించి, ఈల వచ్చేసరికి మానుకున్నారు. రెండోది, 'నేను'కి వాళ్లనే జర్మన్ మాట చివరి సవ్వడి. అది ష కాదు, ఖ కాదు. పిల్లి కోపంతో మెల్లిగా బుస కొట్టినట్టు ఉంటుంది. బుల్లమ్మ రెండు రోజుల్లో ఆ రెండూ పట్టేసింది. ఒకసారి చెవిన పడితే చాలు, ఆయన గొంతులో ఎక్కడ బరువు పడిందో అక్కడే ఆమె గొంతులోనూ పడేది. కళ్లు మూసుకుని వింటే ఆనాటి జర్మనీ వర్క్‌షాపు గుర్తొచ్చేది ఆయనకు. "ఏం చెవి ఇది," అని వర్ధనమ్మతో లోపల అంటే, "బంగారంలాంటి పిల్ల," అని ఆవిడ మజ్జిగ గ్లాసు పట్టుకెళ్లి ఇచ్చేది.

వాక్యాల్లోకి దిగాక ఆయన తనకు వచ్చిందే నేర్పాడు. ఆయనకు వచ్చింది వర్క్‌షాపు భాష. ఆ ఊరి కార్మికులు 'ఏమిటి'ని వస్ అనకుండా వట్ అనేవారు. 'అది'ని డస్ అనకుండా డట్ అనేవారు. "వట్ ఇస్ట్ డట్" అంటే "ఏటిది" అని చెప్పాడు. "లోస్" అంటే కానియ్, కదులు. "ఆబర్ దల్లీ" అంటే బేగి, త్వరగా. ఇటు రా, అది పట్టు, ఇది తాగు, చెయ్యి తియ్యి. ఇనుము దగ్గర నిలబడ్డవాళ్లు ఒకళ్లతో ఒకళ్లు అరిచే మాటలు. ఆ మాటలు తప్పు కావు. అన్నదమ్ముల్లా పనిచేసేవాళ్ల మధ్య అవి ఎంతో ఆప్యాయమైన మాటలు కూడా.

ఒకరోజు బుల్లమ్మ చేతిలో పుస్తకంతో వచ్చింది. విశాఖపట్నంలో పాత పుస్తకాలమ్మే చోట ఆసుపత్రి కాంపౌండరు కొని తెచ్చాడట. ఇంగ్లీషువాళ్ల కోసం రాసిన జర్మన్ వ్యాకరణం, అట్ట ఊడిపోయి ఉంది.

"బాబూ, ఇందులో బల్ల మగది, దీపం ఆడది అని రాసుంది. మగదానికి డెర్, ఆడదానికి డీ, రెండూ కానిదానికి డస్ అని పెట్టాలంట. ఆడపిల్లని మాత్రం రెండూ కానిదాంట్లో పడేసినారు. ఇదేటండీ?"

రామనాథం గారికి ఇది భలే నచ్చింది. "మనకీ అంతేగా అమ్మాయ్. అబ్బాయి వచ్చాడు, అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది. మన వ్యాకరణంలోనూ ఆడమనిషికీ గొడ్డుకీ ఒకటే క్రియ."

ఆమె ఆ మాటకు తలూపి సోమసుందరం వైపు చూసింది. ఆయనకు డెర్, డీ, డస్ తేడా ఎన్నడూ సరిగా తెలియదు. వర్క్‌షాపులో అందరూ మింగేసేవారు, తనూ మింగేసేవాడు. "అన్నిటికీ 'డె' అని గబుక్కున అనేయ్. ఎవరికీ వినిపించదు," అన్నాడు.

బుల్లమ్మ పేజీ తిప్పింది. వేలు పెట్టి చదివింది. "ఇంకోటండి. 'నువ్వు' అనడానికి డూ, 'మీరు' అనడానికి జీ అని ఉంది. ఇంట్లోవాళ్లతో, స్నేహితుల్తో డూ అనొచ్చునంట. పెద్దోళ్లతో, తెలియనోళ్లతో జీ అనే అనాలంట. జీ అంటే పక్కన క్రియ కూడా మారిపోతాదంట. మనం ఒక్కసారి కూడా జీ అనలేదు బాబూ."

"ఉత్తరాదివాళ్ల జీ లాంటిదన్నమాట," అన్నారు రామనాథం గారు ముందుకు వంగి. "ముఖ్యమైనదే కదా. ఏవండీ సోమసుందరం గారూ?"

సోమసుందరం పడక్కుర్చీలో లేచి నిటారుగా కూర్చున్నాడు.

ఆయనకు ఆ తేడా తెలుసు. తెలిసిన తీరు ఎవరికీ చెప్పలేదు, వర్ధనమ్మకు కూడా. అక్కడ ఉండగా క్రిస్మస్ పండక్కి ఒక ఇంజనీరు వీళ్ల జట్టును ఇంటికి భోజనానికి పిలిచాడు. బల్ల చివర ఆ ఇంజనీరు అత్తగారు, తెల్లటి జుట్టు పెద్దావిడ, కూర్చుంది. సోమసుందరం మర్యాద చేయబోయి, "డూ" అంటూ ఆవిడకు రొట్టెపళ్లెం అందించాడు. బల్ల చుట్టూ మాటలు ఆగిపోయాయి. తర్వాత అందరూ నవ్వారు, మంచిగానే నవ్వారు. బయటికొచ్చాక, తమతోపాటు వచ్చిన వర్క్‌షాపు జర్మన్ ఫోర్‌మన్ భుజం మీద చెయ్యి వేసి, "మన దగ్గర డూ. అలాంటిచోట జీ," అని చెప్పాడు. ఆ రాత్రి సోమసుందరం లెక్కవేసుకుంటే, అంతకాలంలో తనను జీ అన్నవాడు ఒక్కడూ గుర్తుకు రాలేదు. ఆఫీసులో గుమాస్తాలు ఒకళ్లనొకళ్లు జీ అనుకునేవారు. తన వైపు తిరిగితే డూ. తనకు ఎవరూ ఇవ్వని మాట తనకు ఎలా వస్తుంది?

ఇదంతా ఆ వరండాలో చెప్పేయొచ్చు. నాకు ఆ క్రియలు రావమ్మా, పుస్తకంలో ఉన్నదే రైటు, అదే చదువుకో అంటే సరిపోయేది. కానీ ఎదురుగా రామనాథం గారు కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. లోపలి గుమ్మంలో వర్ధనమ్మ నిలబడి ఉంది.

"అదంతా పాతకాలం మాట," అన్నాడు సోమసుందరం. "ఈ పుస్తకాలు రాసేవాళ్లు ఎక్కడో కూర్చుని రాస్తారు. నేను అక్కడ తిని, తాగి, వాళ్ల మధ్య పనిచేసి వచ్చినవాణ్ణి. ఒక్కడంటే ఒక్కడు నన్ను జీ అనలేదు."

ఆ చివరి మాట నిజమే. అందుకే గొంతు తడబడలేదు.

"అయితే పుస్తకం తప్పాండీ?"

"పుస్తకం ఇలా తే. ముందు నేను చెప్పింది వంటబట్టించుకో. రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏదీ రాదు."

బుల్లమ్మ ఒక్క క్షణం పుస్తకాన్ని చూసింది. తర్వాత లేచి రెండు చేతులతో ఆయనకు అందించింది. "తవురు ఎల్లొచ్చినోరు గదా," అంది.

ఆ పుస్తకం షాపులో వార్నిష్ డబ్బాల వెనక ఉండిపోయింది. సోమసుందరం మర్నాడు మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి తెరిచాడు. తను నేర్చుకుని, అదేదో తనకే గుర్తొచ్చినట్టు సాయంత్రం మెల్లిగా సర్ది చెబుదామనుకున్నాడు. పట్టికలు, నాలుగు విభక్తులు, ఒక్కో విభక్తికీ మారిపోయే డెర్‌లూ డెమ్‌లూ. కళ్లు తిరిగాయి. మరో రెండుసార్లు ప్రయత్నించి మూసేశాడు. రోజూ సాయంత్రం బుల్లమ్మ కాళ్లు కడుక్కుంటున్న చప్పుడు వినగానే ఇవాళ చెప్పేయాలి అనుకునేవాడు. ఆమె చాప మీద కూర్చుని ఆయనలాగే గొంతు పెట్టి "నా, అల్లెస్ క్లార్?" అని, ఏం, అంతా సరేనా అన్నట్టు పలకరించేది. అంత ఠీవిగా పలికేదాన్ని ఏం చెప్పి చెడగొట్టడం?

చివరికి తనకు తాను ఒక సర్దుబాటు చెప్పుకున్నాడు. కొండ నుంచి వచ్చిన పిల్ల నాలుగు జర్మన్ ముక్కలు మాట్లాడితేనే వాళ్లు మురిసిపోతారు. దాని దగ్గర మర్యాదలు ఎవరు వెతుకుతారు? తర్వాతి రోజుల్లో ఆయనను అన్నిటికన్నా ఎక్కువగా కుదిపింది ఈ ఆలోచనే.

కార్తీకమాసంలో బుల్లమ్మ విశాఖపట్నం వెళ్లింది. వర్ధనమ్మ తన పెట్టెలోంచి నీలం అంచు తెల్లచీర తీసి కట్టించింది. రామనాథం గారు బస్టాండు దాకా వెళ్లి ఎక్కించి వచ్చారు.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం వేళ ఆమె షాపు గుమ్మం దగ్గరికి వచ్చింది. చీర చక్కగా మడతపెట్టి తెచ్చింది. సోమసుందరం ఒక మోటారు విప్పి ముందు వేసుకుని ఉన్నాడు.

"అవలేదు బాబూ," అంది.

ఆయన చేతిలోని తీగ అలాగే పట్టుకున్నాడు. "ఏం అడిగారు?"

"సిస్టర్ ముసిలావిడే, మంచిగానే ఉంది. ఎళ్లగానే తవురు నేర్పినట్టే పలకరించినాను. పక్కనున్న ఇంకో సిస్టర్ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకోడానికని నాకు తెలిసిపోయింది. తరవాత ఆవిడ నేను రోగిని, మందు తాగనంటన్నాను, నువ్వు నర్సువి, నాతో ఏటంటావు అనడిగింది."

"నువ్వేమన్నావు?"

"లోస్, ట్రింక్ డట్, ఆబర్ దల్లీ అన్నాను." ఆమె గొంతులో ఆ మాటలు ఇప్పటికీ అచ్చం ఆయన మాటల్లాగే ఉన్నాయి. "నా లెక్కలో, కానియ్ అమ్మా, ఇది తాగు, బేగి అని. సిస్టర్ చాలాసేపు నా మొకంకేసి చూసింది. ఎవరి దగ్గర నేర్చుకున్నావనడిగింది."

సోమసుందరం తీగ కింద పెట్టాడు.

"నేనే అక్కడా ఇక్కడా ఇని నేర్చుకున్నానన్నాను. తవురి పేరు సెప్పలేదు. ఆ గుడ్డ అడ్డం పెట్టుకున్నావిడ తవుర్ని కూడా నవ్వుతాదని..." ఆమె చీర మడత గట్టు మీద పెట్టింది. "ఇయ్యాల డాకటేరు గారు పిలిచినారు. ముసిలోళ్లతో ఆ మాటలేటి అన్నారు. కొండోళ్లకి మన్నన తెల్దు, ఎంత సదివించినా ఇంతే అన్నారు."

వర్ధనమ్మ లోపలి నుంచి పిలుస్తున్నా ఆగకుండా, డ్యూటీకి వేళయిందని చెప్పి బుల్లమ్మ వెళ్లిపోయింది. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఒక్కరోజు కూడా ఆ పిల్ల తమరు అనకుండా మాట్లాడలేదు. సోమసుందరం ఆ మోటారును ఆ రోజంతా ముట్టుకోలేదు.

సిస్టర్ ఇంకా రెండు రోజులు విశాఖపట్నంలోనే ఉంటుందని ఆసుపత్రిలో కనుక్కున్నాడు. మర్నాడు తెల్లవారుతూనే బస్సెక్కాడు. అనకాపల్లి దాకా కిటికీ పక్కన కూర్చుని పెదవులు కదుపుతూనే ఉన్నాడు. జీ అనాలి. ఏం జరిగినా జీ అనాలి. జీ పక్కన క్రియ ఎలా మారుతుందో తెల్లవారుజామున పుస్తకంలో చూసి వచ్చాడు.

చర్చికి సంబంధించిన ఓ అతిథిగృహంలో సిస్టర్ హెడ్విగ్ దిగింది. వరండాలో పేము కుర్చీలో కూర్చుని బూట్ల లేసు కట్టుకుంటోంది. పెద్దావిడ, తెల్లజుట్టు. సోమసుందరం చేతులు జోడించి నోరు తెరిచాడు. వచ్చింది డూయే. వెంటనే దిద్దుకోబోయి జీ పక్కన డూ క్రియ తగిలించాడు. మళ్లీ దిద్దబోతే వట్ అని వచ్చింది.

సిస్టర్ లేసు వదిలేసి నిటారుగా కూర్చుంది. "మీరేనన్నమాట," అంది ఇంగ్లీషులో.

ఆయన కూడా ఇంగ్లీషులోకి దిగిపోయాడు. ఆ అమ్మాయికి నేర్పింది తనేనని, ఆమె మాటలో ఉన్న మొరటుతనం ఒక్కటీ ఆమెది కాదని, ఆమె ఇంటికొచ్చిన బిచ్చగాణ్ణి కూడా నువ్వు అనే రకం కాదని చెప్పాడు. "పొరపాటు నాది," అన్నాడు. పొరపాటు అన్న మాట దగ్గర గొంతు కొంచెం ఆగింది. సిస్టర్‌కు అది తెలియలేదు.

"మా నాన్న ఉక్కు పనివాడే," అంది ఆవిడ. "ఇంట్లో ఇదే భాష. నాకు ఈ భాషంటే ప్రాణం. ఆ అమ్మాయి నోరు తెరవగానే మా వంటింట్లో ఉన్నట్టు అనిపించింది. కానీ మా నాన్నను వార్డులోకి పంపను కదా."

"ఇప్పుడు తెలిసింది కదమ్మా. మళ్లీ ఒకసారి..."

"రెండు పేర్లూ నిన్ననే పంపేశాను. ఆ ఇద్దరమ్మాయిలూ ఇంట్లో చెప్పుకుని ఉంటారు. వాళ్ల దగ్గర్నుంచి ఎలా తీసుకోను?"

డాక్టరుగారికైనా నిజం చెప్పమని ఆయన బతిమాలాడు. చెబుతానంది. వచ్చే ఏడు ఎంపికలుంటే ఆ అమ్మాయిని ముందు చూస్తానంది. "ఆమెకు పుస్తకం ఏదైనా ఉందా?" అని అడిగింది.

"ఉందండి."

"అయితే అది ఆమెకు ఇవ్వండి. మీరు మధ్యలో నిలబడకండి."

ఆవిడ కటువుగా అనలేదు. తిరుగు బస్సులో ఆ మాట ఆయన పక్కనే కూర్చున్నట్టు ఉంది.

సాయంత్రం దిగీ దిగగానే షాపులో పుస్తకం తీసి, మీద పడ్డ వార్నిష్ మరక తుడిచి, ఆసుపత్రికి వెళ్లాడు. బుల్లమ్మ పెరట్లో ఉడికించిన గుడ్డలు ఆరేస్తోంది.

"పుస్తకంలో ఉన్నదే రైటు," అన్నాడు. "నేను పొరపాటు పడ్డాను. సిస్టర్‌తో చెప్పొచ్చాను. వచ్చే ఏడు నిన్నే ముందు చూస్తానంది."

బుల్లమ్మ తడిచెయ్యి చీరకు తుడుచుకుని పుస్తకం అందుకుంది. ఆయన ముఖంలోకి సూటిగా చూసింది. ఏదో అడగబోతున్నట్టు అనిపించింది సోమసుందరానికి. తవురికి అప్పటికే తెలుసా అని అడిగితే చెప్పేద్దామనుకున్నాడు.

"దానికోసం బస్సెక్కి అంత దూరం ఎల్లినారా బాబూ," అంది ఆమె. "ఎండనపడి వొచ్చినారు. మంచినీళ్లు తాగుతారా?"

ఆయన తాగాడు. చెప్పలేదు.

ఆ తర్వాత ఆయన జర్మన్ మాట్లాడటం మానేశాడు. ఎవరైనా అడిగితే నాకు రాదు అనేవాడు. జనం నమ్మలేదు. రామనాథం గారైతే, "నిండు మనిషి అలాగే అంటాడు," అని నలుగురికీ చెప్పారు. రాదని ఆయన ఎంత గట్టిగా అంటే ఊళ్లో గౌరవం అంత పెరిగింది. చివరికి అలా అనడం కూడా మానేసి, నవ్వి ఊరుకోవడం మొదలుపెట్టాడు.

బుల్లమ్మ ఆ ఏడంతా ఒంటరిగా పుస్తకం చదివింది. ఒకటి రెండుసార్లు దారిలో కనిపించి, విభక్తులు పట్టుబడుతున్నాయని చెప్పింది. ఎందుకంటే అని మొదలుపెడితే క్రియ తీసుకెళ్లి వాక్యం చివర పెడతారు, అచ్చం మన తెలుగులాగే అని సంబరపడింది. కానీ మరుసటేడు ఎవరూ రాలేదు. అక్కడివాళ్లు బయటి దేశాల అమ్మాయిలను తీసుకోవడం తగ్గించేశారని ఆసుపత్రిలో అన్నారు. ఆ పైయేడూ అంతే. బుల్లమ్మ గవర్నమెంటు నర్సు ట్రైనింగుకి వెళ్లింది. తర్వాత ఎక్కడ వేశారో సోమసుందరానికి తెలియలేదు. తెలుసుకోవాలని గట్టిగా ప్రయత్నించనూ లేదు.

1983లో కృష్ణదేవిపేట ఆసుపత్రిలో నీళ్ల మోటారు కాలిపోతే బాగుచేయడానికి కబురొచ్చింది. సోమసుందరం సామాను సంచి పట్టుకుని వెళ్లాడు. బావి దగ్గర పని చేసుకుంటుంటే, పక్క కిటికీలోంచి తెలిసిన గొంతు వినిపించింది.

"ఏటి, రేతిరి నిద్ర పట్టిందా మీకు? ఈ మాత్ర మింగండి. మెల్లిగా, తొందరేటీ లేదు."

సోమసుందరం తల ఎత్తాడు. మంచం మీద కొండ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. చెవులకూ ముక్కుకూ పాత ఇత్తడి, భుజం మీద ముడివేసిన చీర. పక్కన తెల్లచీరలో బుల్లమ్మ. ముసలమ్మ 'మీరు' అన్న మాట విని, తన వెనకాల ఎవరో నిలబడ్డారనుకుని మెడ తిప్పి చూసింది. ఎవరూ లేరు. మళ్లీ బుల్లమ్మ వైపు తిరిగి, అనుమానంగా నోరు తెరిచింది.

"మిమ్మల్నేనండీ సోమలమ్మ గారూ," అంది బుల్లమ్మ.

కాసేపటికి ఆమె బావి దగ్గరికి టీ తెచ్చింది. ఒళ్లు కాస్త వచ్చింది, కళ్లద్దాలు పెట్టుకుంది. వర్ధనమ్మ గారెలా ఉన్నారని, రామనాథం గారు పోయారని విన్నాను అని, నిన్న మొన్న కలిసినట్టే మాట్లాడింది. తండ్రి గంగులు కూడా పోయాడని చెప్పింది.

ఆయన గ్లాసు పట్టుకుని, మీరు బాగున్నారా అనబోయాడు. ఎంత ప్రయత్నించినా నోరు తిరగలేదు. "నువ్వు బాగున్నావా?" అన్నాడు.

"బాగున్నాను బాబూ."

"ఆ భాష... గుర్తుందా?"

"లేదండి. వాడితేనే గదా ఉంటాది," అంది ఆమె. ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది.

చీకటి పడేలోగా సోమసుందరం ఇల్లు చేరాడు. వర్ధనమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఎదురుగా పీట మీద కూర్చుని బుల్లమ్మ కనబడిందని చెప్పాడు. ఆ ముసలమ్మ సంగతి చెప్పాడు. చెబుతూ చెబుతూ, ఎప్పుడూ నోరు విప్పని ఆ క్రిస్మస్ భోజనం దగ్గరికి వెళ్లిపోయాడు. ఇంజనీరు అత్తగారు, రొట్టెపళ్లెం, బయట ఫోర్‌మన్ అన్న మాట, అన్నీ చెప్పాడు. పుస్తకం లాక్కున్న రోజుకు తనకు అంతా తెలుసని చెప్పాడు.

వర్ధనమ్మ చేట ఒళ్లో పెట్టుకుని మొత్తం విన్నది.

"ఈ సంగతి ఆ పిల్లతో చెప్పారా?" అని అడిగింది.

"లేదు."

"ఇవాళ ఎదురుగా నిలబడింది కదా."

"నిలబడింది."

"మరి నాతో చెప్తే ఏటొస్తుందండీ," అంది వర్ధనమ్మ, కోపం లేకుండా. చేట మళ్లీ చేతిలోకి తీసుకుంది.